నేను తోమేసిన ఆకాశం

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మా మాస్టర్‌మొషాయ్ కళ్ళలో పెట్టుకుని కాపాడుకునే పాత రాగి పలకను చింతపండు గుజ్జూ ఇటుక పొడీ వేసి తోమాను. కొబ్బరి పీచు పట్టుకుని, మోచేతి బలమంతా పెట్టి, పండగ ముందు రోజు బిందె తోమినట్టు తోమాను. అది అద్దంలా మెరిసింది. మెరుపు చూసి పొంగిపోయాను కూడా.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కలకత్తాలో, భవానీపూర్ సందులో ఒక పాత మేడ కింది భాగంలో ఆయన ముద్రణశాల ఉండేది. పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు కాదది. రాగి పలక మీద గీసిన బొమ్మను కాగితం మీదికి దించే చోటు. ఊళ్ళో చిత్రకారులు పలకలు తెచ్చిస్తే మేము సిరా పట్టించి, తుడిచి, చక్రం తిప్పి, కాగితాలు తీసి ఇచ్చేవాళ్ళం. మాస్టర్‌మొషాయ్ అంటే బెంగాలీలో మాస్టారుగారు; డెబ్బై దాటిన పెద్దమనిషి. ఒకప్పుడు ఆర్టు కాలేజీలో పాఠాలు చెప్పారు. పనివాళ్ళం ఇద్దరమే, నేనూ మా అక్క మొగుడూ.

మావాళ్ళు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో బస్తాలు మోసి బతికినవాళ్ళు. మాస్టర్‌మొషాయ్ తెప్పించుకున్న ఇనుప ప్రెస్సు ఓడ దిగినప్పుడు దాన్ని భవానీపూర్ చేర్చిన ఆరుగురు కూలీల్లో బావ ఒకడు. ఐదుగురు తిరిగి వెళ్ళిపోయారు. బావ మాత్రం ప్రెస్సు బిగించాక మాస్టర్‌మొషాయ్ తీసిన మొదటి కాగితం చూసి, "ఇంకోటి తియ్యండి బాబూ, నేను తిప్పుతాను" అన్నాడట. ఆ చక్రం దగ్గరే పద్దెనిమిదేళ్ళు ఉండిపోయాడు. అప్పటికే అతని నడుము దెబ్బతింది. "ఇంకో రెండేళ్ళు బస్తా మోసుంటే మీ అక్క నన్ను ఎత్తుకుని తిరగాల్సొచ్చేది" అని నవ్వేవాడు. నన్నక్కడ పనిలో పెట్టించిందీ అతనే.

ఇక ఆ పలక. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంతే ఉండేది. జర్మనీ దేశంలో ఎవరో గీసినది, నూట యాభై ఏళ్ళ నాటిదని మాస్టర్‌మొషాయ్ చెప్పేవారు. నది మలుపులో ఒక కొండ. దాని కొమ్మున కూలిపోయిన కోట. కప్పు లేని బురుజు, కిటికీ ఉండాల్సిన చోట ఖాళీ, ఆ ఖాళీలోంచి అవతలి వెలుతురు. గోడల పగుళ్ళ నిండా తీగలు. కింద నది ఒడ్డున గొర్రెలు కాసేవాడొకడు, వేలిగోటిలో సగమంత. పైన ఆకాశం. పలకలో సగం ఆకాశమే.

ఆయన దగ్గర అలాంటి కాగితాలు ఇంకా చాలా ఉండేవి. పాత పుస్తకాల అంగళ్ళలో విడివిడిగా ఏరుకున్నవి. శనివారాలు వాటిని బల్ల మీద పరిచి చూసుకునేవారు. జర్మనీవీ, ఇంగ్లండువీ, స్కాట్లండువీ. అన్నీ ఆ కాలానివే, అన్నిట్లోనూ విరిగిన కోటలే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "వీళ్ళకి బాగున్న కోట ఒక్కటీ దొరకలేదా మాస్టర్‌మొషాయ్?"

బావ చక్రం దగ్గర్నుంచే తెలుగులో అందుకున్నాడు. "దొరికినా లోపలికి రానిస్తారేటిరా? నువ్వూ నేనూ రాజుగారి కోట కాడికెళ్తే బొమ్మ గీసుకోమని పీటేత్తారా? కూలిపోయిందనుకో, కాపలావోడు ఉండడు."

నేను అది బెంగాలీలో చెబితే మాస్టర్‌మొషాయ్ చాలాసేపు నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఆ కాలంలో అక్కడి ఊళ్ళలో మిల్లులు లేచాయట, పొగ కమ్మిందట. యుద్ధాల్లో ఎప్పటికీ ఉంటారనుకున్న రాజులు పడిపోయారట. అప్పుడు కుర్రవాళ్ళు సంచిలో కాగితాలు వేసుకుని కొండలెక్కి, కూలిన గోడల ముందు కూర్చునేవారట. "గోడ ఎవడైనా గీస్తాడు," అన్నారు, "రాయికి లోతుంటే చాలు. వీడు ఆకాశం ఎలా చేశాడో చూడు."

ఎలా చేశాడో ఇప్పుడు నాకు బాగా తెలుసు, ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పనిలో ఉన్నాను కనక. పలకకు మైనం పూత పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచుతారు. గీసిన చోటల్లా ఆసిడ్ రాగిని తింటుంది. ఎంతసేపు ముంచితే అంత లోతు, అంత నలుపు. ఆకాశానికి కొద్దిసేపే ముంచి తీసి, దాని మీద వార్నిష్ పూసి కప్పేస్తారు. తర్వాత గోడల్ని మళ్ళీ ముంచుతారు, మళ్ళీ మళ్ళీ ముంచుతారు. అందుకే బురుజు గీతల్లో గోరు దిగుతుంది, ఆకాశం గీతలు మాత్రం వేలికి తెలియవు. పలకను వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపిస్తాయి. అలాంటి చోట గుడ్డ కూడా వాడకూడదు. అరచేతికి సుద్దపొడి అద్దుకుని, పసిబిడ్డ నుదురు నిమిరినట్టు తుడవాలి. బావ చెయ్యి అలా ఉండేది. నాది కాదు. "నీది తోమే సెయ్యిరా, తుడిసే సెయ్యి కాదు" అని బావ రోజుకొకసారైనా అనేవాడు. వేళాకోళానికే అన్నా నాకు గుచ్చుకునేది.

ఏడాదికొకసారి కాలేజీ పిల్లల కోసం ఆ పలక మీంచి ఒకే ఒక్క కాగితం తీసేవారు మాస్టర్‌మొషాయ్. మిగతా రోజులంతా అది మైనపు గుడ్డలో చుట్టి బీరువాలో ఉండేది. తాళం బావ మొలతాడుకి. ఇంకొకరి చేతికి వెళ్ళకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క నియమం.

ఆ ఏడాది పిల్లలతో పాటు విదేశం నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన కూడా వస్తున్నాడని ముందు రోజు తెలిసింది. అదే రోజు మధ్యాహ్నం మైదానంలో ఎర్రజెండాల సభ. డాకులో బావ పాత ముఠా మొత్తం మిఛిల్‌లో, అంటే ఊరేగింపులో నడుస్తోంది. రమ్మని కబురొస్తే కాదనలేకపోయాడు. నా చేతిలో తాళం పెట్టాడు.

"కాగితాలు తడిపి ఉంచాలి గదా, బీరువాలో ఉన్నాయి. అందుకిస్తన్నాను. పలక జోలికి మాత్రం ఎల్లకు. మాస్టరు నిద్ర లేచి అడిగితే టీకెళ్ళాడని సెప్పు. బేగి వొచ్చేత్తాను."

"ఎల్లు బావా, నానేటి సిన్నపిల్లాడినా?"

కాగితాలు తీశాను. పక్కనే మైనపు గుడ్డ. విప్పాను. మాడిన పెనంలా నల్లగా ఉంది పలక. ఒక మూల పచ్చగా చిలుం పట్టింది. దేశం కాని దేశం నుంచి వచ్చిన మాస్టారి ముందు ఇలాగా పెట్టేది అనిపించింది. అది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. రేపు అందరి ముందూ మాస్టర్‌మొషాయ్ ఆ పలక పట్టుకుని, ఇంత బాగా ఎవరు చేశారని అడగాలి. నేనే అని నేను చెప్పాలి. బావ వినాలి.

చింతపండు సందు మొదట్లో కొట్లో దొరికింది. నేల కింద నడిచే పాతాళ రైలు కోసం పెద్ద రోడ్డు నిలువునా తవ్వేసి ఉన్న రోజులవి, విరిగిన ఇటుకలకి కరువు లేదు. రాతి మీద నూరి మెత్తటి పొడి చేశాను. మా అమ్మ పండగకి రాగి చెంబులు ఎలా తోమేదో నాకు తెలుసు. అంతకంటే బాగా తోమాను.

బావ వచ్చేసరికి పలక గుడ్డలో ఉంది, తాళం అతని చేతికిచ్చేశాను. ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న పదిమంది దాకా వచ్చారు. మాస్టర్‌మొషాయ్ గుడ్డ విప్పి, మెరుపు చూసి ఒక్క క్షణం ఆగారు. బావ వైపు చూసి నవ్వారు. బావకి ఏమీ అర్థం కాలేదు. నేను గొంతు సవరించుకున్నాను, ఇప్పుడు కాదు, కాగితం వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయనే సిరా పట్టించారు, ఆయనే అరచేత్తో తుడిచారు. బావ చక్రం తిప్పాడు. ఆయన కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా లేపారు.

బురుజు వచ్చింది. తీగలు వచ్చాయి. నది, గొర్రెలవాడు వచ్చారు. పైన ఏమీ లేదు. మబ్బు లేదు, వెలుతురు లేదు. ఉన్నది ఒకటే, తెల్లటి ఖాళీ మీద సన్నటి గుండ్రటి గీతలు, గిన్నె అడుగున తోమిన గీతల్లాంటివి.

వెనక నిలబడ్డ అమ్మాయి ఎవరో, "ఇది పూర్తి చెయ్యని పలకా స్యార్?" అని అడిగింది.

ఆయన పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. నేను బావని చూశాను. బావ కాగితం వైపు కాదు, నా చేతుల వైపు చూస్తున్నాడు. నా గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగా ఉంది.

"తాళం ఎవరి దగ్గరుంది?" మాస్టర్‌మొషాయ్ వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"నా దగ్గరే బాబూ."

"నిన్నంతా?"

"నిన్నంతా."

"ఇది నువ్వు చేశావా?"

"నేనే," అన్నాడు బావ.

పద్దెనిమిదేళ్ళు, అని మాత్రం అన్నారాయన. తర్వాత అతిథులందరూ వింటుండగా, తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నారు. బావ మొలతాడు ముడి విప్పడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపూ నాకు దొరికింది. తడి కాగితం ఒకటి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

తవ్విన రోడ్డు మీద వేసిన చెక్క బల్ల దగ్గర అతన్ని అందుకున్నాను.

"అలా ఎందుకు సెప్పినావు బావా?"

"మరేటి సెప్పమంటావు? తాళం నీకిచ్చినానంటే ఇద్దరం పోతాం. నాకు పనైపోయినట్టే, నువ్వుండు, నేర్సుకో."

"నాను ఎల్లి సెప్పేత్తాను."

బావ బల్ల మీద ఆగాడు. "ఎల్లు మరి. ఇప్పుడే ఎల్లు. ఆళ్ళందరూ అక్కడే ఉన్నారు."

నేను వెనక్కి తిరిగి సందు వైపు చూశాను. అక్కడే ఉండిపోయాను. మా వెనక ఎవరో దాటాలని తొందరపెడుతున్నారు, "ఓ దాదా, సరో" అని. బావ నా భుజం మీద చెయ్యేసి, "పద, టీ తాగుదాం" అన్నాడు. ఆ టీ తాగాను.

ఆ తర్వాత ఐదు రోజులు ఒక చోట కూర్చోలేకపోయాను. ముద్రణశాలలో చక్రం నేనే తిప్పేవాణ్ణి, నేనే తుడిచేవాణ్ణి. మాస్టర్‌మొషాయ్ నాతో మాట్లాడేవారు కాదు, చేత్తో చూపించేవారు. ఆ చెడిపోయిన కాగితాన్ని ఆయన చింపలేదు, ఆరవేసే తీగకే వేలాడుతూ ఉండేది. అటు వీపు పెట్టుకుని పని చేసేవాణ్ణి. సాయంత్రం ట్రామెక్కి, రెండు స్టాపులకే దిగి, నడిచి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. భవానీపూర్‌లో పాత మేడలు చాలా ఉన్నాయి, గోడ పగుళ్ళలో రావి మొక్కలు మొలిచి, కిటికీ రెక్కలు ఊడిపోయి. రోజూ వాటి కిందే నడిచేవాణ్ణి, ఎప్పుడూ తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు ప్రతి గోడ దగ్గరా ఆగి, పైన ఆకాశం ఉందో లేదో చూసుకుంటున్నాను. ఉండేది. అయినా తర్వాతి గోడ దగ్గర మళ్ళీ చూసేవాణ్ణి.

భోజనం మెటియాబ్రుజ్‌లో అక్కావాళ్ళ గదిలోనే. బావ మూడో రోజునే పాత ముఠాలో చేరిపోయాడు. గోధుమల ఓడ వచ్చింది, వాళ్ళకి ఒక మనిషి తక్కువయ్యాడు. ఆ సాయంత్రం బావ బోర్లా పడుకుంటే అక్క నడుముకి నూనె రాస్తోంది. పక్క గదుల్లో దర్జీల మిషన్లు ఆగకుండా కొడుతున్నాయి.

"మీ మాస్టరుకి కళ్ళు లేవేటిరా?" అంది నాతో. "పద్దెనిమిదేళ్ళు సేసినోడు పలక పాడు సేత్తాడా? నువ్వక్కడే ఉన్నావు గదా, ఒక్క మాట అడ్డు సెప్పలేకపోయినావా?"

బావ దిండులోంచే అన్నాడు. "ఆడేటి సెప్తాడే, ఊరుకో. మెల్లగా రాయి. నేను పలకనేటి, అలా తోమేత్తన్నావు?"

బావ తన మాటకి తానే నవ్వాడు. అక్కకి అర్థం కాలేదు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. తిన్నాను. నాలుగో రోజూ తిన్నాను.

ఐదో రోజు రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారి మెలకువొచ్చేసరికి బావ లేవడానికి తంటాలు పడుతున్నాడు. ముందు పక్కకి దొర్లాడు. తర్వాత చేతులు నేలకానించి మోకాళ్ళ మీదికి వచ్చాడు. గోడ పట్టుకుని కొంచెం కొంచెంగా నిలబడ్డాడు. అక్క నిద్ర లేవకుండా నోరు బిగబట్టుకుని చేశాడదంతా. తువ్వాలు తలకి చుట్టుకుని, వంగిన నడుముతోనే గడప దాటాడు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. అది కూడా ఇక్కడ చెప్పాలి.

తిన్నగా భవానీపూర్ వెళ్ళాను. మాస్టర్‌మొషాయ్ ఒక్కరే ఉన్నారు, పాత కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. నిలబడే చెప్పాను. తాళం సంగతి, చింతపండు, ఇటుక పొడి, ఎందుకు తోమానో ఆ కారణం కూడా. ఆయన అడగలేదు, అయినా చెప్పాను.

ఆయన తీగ మీది కాగితం వైపు చూస్తూ అన్నారు. "ఆ గుండ్రటి గీతలు నేనూ చూశాను. వాడి చేతి కింద ఇన్నేళ్ళలో ఒక్క గీరు పడలేదు. వాడు అబద్ధం చెబుతున్నాడని ఆ క్షణంలోనే నాకు తెలియాలి. తెలుసుకోవాలనిపించలేదు. పదిమంది ముందు కోపం చేతికి దొరికింది, వదులుకోలేకపోయాను."

"ఆ ఆకాశం మళ్ళీ చెయ్యలేమా మాస్టర్‌మొషాయ్?"

"చెయ్యొచ్చు. అప్పుడది నా ఆకాశం అవుతుంది. అలాగే ఉండనీ." పరిచిన కాగితాలు పక్కకి జరిపి, "వెళ్ళి వాణ్ణి తీసుకురా," అన్నారు.

"నేను ఇక రాను. బావ ఒక్కడే వస్తాడు."

"నీ సంగతి తర్వాత. ముందు వాడు."

మధ్యాహ్నానికి మెటియాబ్రుజ్ చేరి అక్కకి చెప్పాను. మాస్టర్‌మొషాయ్‌కి చెప్పడం కంటే అది కష్టమైంది. ఆమె బియ్యం ఏరుతోంది. ఏరుతూనే విన్నది. చేట కింద పెట్టి నా మొహం చూసింది.

"ఐదు రోజులు నా సేతి కూడు నీకెలా దిగిందిరా?"

నేను గడప దగ్గరే నిలబడ్డాను. "ఆయన దగ్గరికెల్లు. నా ముందు నిలబడకు" అని చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

డాకులో గోదాము ముందు ముఠా బీడీలు కాల్చుకుంటోంది. బావ గోడకి చేరగిలి ఉన్నాడు. మాస్టర్‌మొషాయ్ రమ్మన్నారని చెబితే తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడెలా వొత్తాను? ముఠాలో సేరినాను. ఓడ సగంలో ఉంది. ఒకడు తగ్గితే ఆడి బరువు మిగతావోళ్ళ మీద పడతాది."

ముఠా పెద్ద మా ఊరి వైపు ముసలాయనే. "మడిసికి మడిసినిచ్చి ఎల్లొచ్చు," అన్నాడు. "అదే మన పద్ధతి. ఎవరినిత్తావు?"

"నన్నే," అన్నాను. అక్కడ కూర్చున్న ఏడుగురికీ వినబడేలా, బావ ఎందుకు బస్తా మోస్తున్నాడో చెప్పాను. పలక పాడు చేసింది నేననీ, అతను నా కోసం అబద్ధమాడాడనీ, నేను నోరు మూసుకుని ఊరుకున్నాననీ.

 ఒకడు బీడీ నలిపి, "బొమ్మలాడుకునే సేతులు, బస్తా మోత్తాయేటి?" అన్నాడు.

"మోయకపోతే నాలుగు తన్నండి," అన్నాడు బావ. లేవబోతే నేను చెయ్యి అందించాను. పట్టుకుని లేచాడు.

మర్నాడు బావ భవానీపూర్ వెళ్ళాడు. నేను గోదాముకి వెళ్ళాను. మొదటి పూట ఇరవై బస్తాలు దాటకుండానే మెట్ల మీద కూలబడ్డాను. ముఠా పెద్ద నన్ను నీడకి లాగి, ముంతెడు నీళ్ళు తాగించి, మెడ మీద గోనె ఎలా మడిచి వేసుకోవాలో చూపించాడు. లేవమన్నాడు. ఆ ఓడ అయిపోయింది, ఇంకో ఓడ వచ్చింది. వానలు వెలిసి, బావ జాగాలోకి ఊరి నుంచి కొత్త మనిషి వచ్చి నేను మళ్ళీ ముద్రణశాలకి వెళ్ళేదాకా, నాలుగు నెలలు అక్కడే మోశాను.